నీళ్ళెట్లుంటయి?

పన్నెండో క్లాసులో హిస్టరీ తీసుకున్నది ఏడుగురం.
నలుగురు లెక్కలకు భయపడి వచ్చినవాళ్ళు,
ఇద్దరు లా చదువుతారట.
మిగిలింది నేను.

శుక్రవారం. గుదైబియాలో మా మూడో అంతస్తు.
ఏసీ కింద బకెట్‌లో చుక్కా చుక్కా.
చాప మీద పరిచాను జాబితా:
ఐదు యూనివర్సిటీలు, ఐదు గడువు తేదీలు,
కట్టిన వెంటనే తిరిగిరాని ఐదు ఫీజులు.

నాన్న తల తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు.
పందొమ్మిదేళ్ళుగా మనామా సందుల్లో
తీపినీళ్ళ ట్యాంకర్ తోలే మనిషి.
ర్యాంకింగులు చూపిస్తే పక్కకు జరిపి
ఒక్కటే అడిగాడు:
"ఆడ నీళ్ళెట్లుంటయి బిడ్డా?"

నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు.

హైదరాబాదుకు తలూపాడు.
"మంజీర తాగిన నేను. పెట్టు."
ఢిల్లీ దగ్గర పెదవి విరిచాడు.
బండి ఆగకముందే బిందెలతో ఎగబడే జనాన్ని
టీవీలో చూశాడట.
"అందరు బిందెలు చూస్తరు. నేను డ్రైవర్ మొఖం చూసిన."
కైరో అన్నాను.
ఆయనతో పనిచేసే సబ్రీ అంటుంటాడట,
నైలు తాగినోడు మళ్ళీ నైలు దగ్గరికే వస్తాడని.
"మరి మా దగ్గరికి?" అంటూ
పెన్సిల్‌తో పక్కన చిన్న కొక్కెం గీశాడు.
డచ్చివాళ్ళ ఊరొకటి ఉంది నాన్నా,
మన మచిలీపట్నం బట్టల లెక్కలు
ఆ దేశపు బీరువాల్లో ఉన్నాయట.
ఊరు సముద్రం కన్నా కిందుంటుంది.
"కిందనా? రాత్రి నిదురెట్ల వడ్తది వాళ్ళకు!"
చివరిది స్కాట్లాండు. నల్లా తిప్పి అలాగే తాగుతారు.
ఆయన కళ్ళు మెరిశాయి. ఫీజు చెప్పాను.
కళ్ళు అలాగే ఉన్నాయి,
చెయ్యి మాత్రం కాగితం మీంచి లేచింది.

అమ్మ వంటింట్లోంచే లెక్క కట్టింది:
ఒక్క అప్లికేషన్, తొమ్మిది ట్రిప్పుల బత్తా.
"సదివినంక ఏం జేస్తవ్?"
షీబా మిస్ నేర్పిన జవాబులు మూడున్నాయి నా దగ్గర.
ఒక్కటీ తెలుగులో నిలబడలేదు.

చాయ్ తాగుతూ, ఎవరూ అడక్కుండానే,
నాన్న మొదలుపెట్టాడు.
"మా అర్బాబు తాత ముత్యాల పడవ మీద పోయెటోడంట.
ఉప్పు సముద్రం అడుగున
తీపి ఊటలుండేటియంట.
తోలుసంచి వట్టుకొని మునిగి
దాని మూతి ఊట మీద వెట్టి
నింపుకొని పైకొచ్చెటోళ్ళు.
ఊటలెండినయ్. గందుకే నేనొచ్చిన."

గందుకే నేనొచ్చిన.

మా పుస్తకంలో గల్ఫ్ అంటే
అర పేరా, ఒక చమురుబావి బొమ్మ.
"ఎప్పుడెండినయ్ నాన్నా? ముందు ఏది?"
"నాకేమెరుక."
"మీ అర్బాబుకు?"
"ఆయన తాతకెరుక. తాత పోయె."
"ఎవరన్నా రాసిపెట్టిన్రా?"
గ్లాసు తిప్పుతూ నన్ను చూశాడు,
మీటరు తప్పు చూపించినప్పుడు చూసినట్టు.
"గింత పైసలు వెట్టి నేర్సుకునేది గిదేనా?"

ఇదే అనుకుంటా.

రాత్రి ర్యాంకుల గడి కొట్టేసి
సముద్రం చెప్పేవాళ్ళు ఎక్కడున్నారో వెతికాను.
ఢిల్లీలో ఒకామె పాత బావుల మీద పనిచేస్తోంది.
ఢిల్లీ ఉంచాను, నాన్నకు రేపు చెప్తాను.
హైదరాబాదు ఎలాగూ ఉంది.
డచ్చి స్కాలర్‌షిప్‌కు ఇంకా పదకొండు రోజులు.
కైరో కొక్కెం చెరపలేదు, ఫీజూ కట్టను.
స్కాట్లాండు వైపు కాగితం మడిచాను, అంతే.

చరిత్ర ఎందుకు చదవాలనుకుంటున్నారు?
ఐదువందల పదాలకు మించకూడదు.
పేరు రాశాను. పుట్టిన ఊరు, కోరుట్ల.
కింద సందులో ట్యాంకర్ వెనక్కొస్తున్న కూత,
పైపు బిగిస్తున్న ఇనుప చప్పుడు.
నాన్న కాదు. నాన్న నిద్రపోతున్నాడు.
వేరెవరో తెచ్చిన నీళ్ళు
మా గోడలోంచి
పైకి ఎక్కుతున్నాయి.