ఏ శతాబ్దాన్ని గీకాలి

పో నది పొగమంచు
చర్చి గుమ్మం దాటి లోపలికొచ్చే నెల.
పరంజా మీద ఎర్సీలియా,
కింద బకెట్లతో నేను.
తలకి దీపం, పళ్ళ మధ్య సన్న కత్తి.
దూదిపుల్లను నోట్లో తడిపి
గోడమీద రుద్దుతుంది.
ఉమ్మిని మించిన మందు ఇంకా పుట్టలేదంటుంది.
ఏ పునీతుడి బుగ్గయినా
ముందు ఆమె ఎంగిలి పడాల్సిందే.

గోడలకు చెవులుంటాయంటారు.
ఈ గోడకు ముఖాలున్నాయి,
ఒకదాని మీద ఒకటి,
చలికి తొడుక్కున్న చొక్కాల్లా.

పైది వట్టి తెలుపు.
కలరా వచ్చిన ఏడాది ఊరంతటికీ వేసిన వెల్ల.
రోగం పోయింది, తెలుపు ఉండిపోయింది.
తర్వాతొచ్చిన పెద్దమనుషులు
దాన్నే నిగ్రహమన్నారు,
గ్రీకుల వారసత్వమన్నారు.
మా నాన్నమ్మ మాత్రం సున్నమనే అనేది.

కత్తి మొన తిరిగింది.
తెలుపు పెచ్చులూడి
ఒక పాదం బయటపడింది, మడమ మురికిగా,
మనమీదికే జారిపడేటట్టు.
దాని పైన మబ్బులు, మబ్బుల్లో తొడలు, ఎగిరే గుడ్డలు,
ఎక్కణ్ణుంచో ఏటవాలుగా పడే వెలుగు,
అందరూ ఒక్కసారే అరుస్తున్నట్టు నోళ్ళు.
"బరోక్," అంది ఎర్సీలియా,
పొరుగింటి గొడవ గురించి చెప్పినట్టు.
నాకు నచ్చింది. మా ఇంట్లో భోజనాలు అలాగే ఉంటాయి.

ఆ పాదం అంచున అరంగుళం పగులు.
పగుల్లోంచి ఇంకో నేల:
నలుపూ తెలుపూ పలకలు
దూరం వెళ్ళేకొద్దీ చిక్కిపోతూ
ఒక్క చుక్కలో మాయమవుతున్నాయి.
ఎవడో తడి సున్నంలో మేకు దిగ్గొట్టి
తాడు కట్టి లోకాన్ని కొలిచాడు.
మేకు రంధ్రం ఇంకా ఉంది;
నా చిటికెన వేలి గోరు పట్టింది.
ఆ పలకల మీద నిలబడ్డ కుర్రాడికి
నీడ ఉంది, మెడ నరం ఉంది,
బతికున్న మనిషికుండే విసుగుంది.

ఇంకా కింద ఏముందో తెలుసు మాకు.
దీపం పక్కవాటుగా పెడితే
తలల చుట్టూ వలయాలు ఉబ్బుగా తేలతాయి:
బంగారు రేకు.
దానికి దూరం లేదు, సాయంత్రం లేదు.
అంతకింద కళ్ళు,
రెప్ప వేయడం నేర్వని పెద్ద కళ్ళు.

చిక్కల్లా ఇదే:
కిందిది చూడాలంటే పైదాన్ని చంపాలి.
కుర్రాడి కోసం ఈ మురికి పాదాన్నా?
బంగారం కోసం ఈ కుర్రాణ్నా?
బిషప్‌గారి కమిటీకి బంగారం కావాలి.
ప్రొఫెసర్ మాల్వెత్సీకి కుర్రాడు కావాలి.
ఊళ్ళో ముసలమ్మలకి తెల్లగోడే చాలు,
పెళ్ళి ఫొటోల్లో బాగుంటుందట.
ఎర్సీలియా మూడు రోజులు కత్తి ముట్టలేదు.
రొట్టే ఉల్లిపాయా తింటూ గోడకేసి చూసింది.

నాలుగో రోజు, పాదం పక్కన దానంతటదే రాలిన చోట,
జాజు గీత ఒకటి.
రంగు కాదు, రంగుకి ముందటి ఆలోచన.
ఒక చెయ్యి.
మొదట పైకెత్తి గీశాడు,
నచ్చక, కిందికి దింపి గీశాడు.
రెండూ ఉన్నాయి.
ఏ కాలం వాడో చెప్పలేకపోయింది ఆమె.
తప్పుకి కాలమేముంది?

తర్వాతివాళ్ళు గోడల్ని వదిలేశారు.
రంగులు గొట్టాల్లో వేసుకుని
పొలాలకు, పడవల రేవులకు పోయారు.
వాళ్ళ వెనకొచ్చినవాళ్ళు ముఖాన్ని ముక్కలు చేశారు,
ఆపైన ముఖమే వద్దన్నారు.
వాళ్ళ వంతుగా ఈ గోడకి దక్కింది
ఒక కరెంటు తీగ, ఒక స్విచ్చు,
మూలన నెమ్ము మరక.
మరక ముందు ప్రొఫెసర్‌గారు
కాసేపు మౌనంగా నిలబడ్డారు.

చివరికి దేన్నీ గీకలేదు.
పాదాన్ని పాదంగా, పగులుని పగులుగా ఉంచి
ఖాళీల్లో నిలువు గీతలు వేస్తోంది,
వెంట్రుకంత, పక్కపక్కనే, నీటిరంగుతో.
గుమ్మం దగ్గర్నుంచి చూస్తే అతుకు కనబడదు.
దగ్గరికొస్తే ప్రతి గీతా ఒప్పుకుంటుంది:
ఇది నేను వేసింది, వాళ్ళు కాదు.
తడిగుడ్డ పెడితే పోతుందట.
పోవాలనే వేసిందట.

"మరి మన కాలానికి ఏం పేరు పెడతారు?"
బకెట్ అందిస్తూ అడిగాను.

"నీళ్ళు మార్చు," అంది.