నాలుగు గంటలు ఆగాలి

తగ్గింపు ధర ఉందని
ఉగాదికే కొనేశాం వాషింగ్ మెషీన్.
తాళాలు మేలో ఇస్తానన్నాడు బిల్డరు.
ఏ మే అని అడగాలని మాకు తట్టలేదు.

మున్నేకొలాల అద్దింట్లో
మంచానికీ బీరువాకీ మధ్య నిలబడింది అది, అట్టపెట్టెలోనే.
పక్కకి తిరిగి నడవడం మాకు అలవాటైపోయింది.
దాని మీద ఇస్త్రీ బట్టలు, బట్టల మీద పంచాంగం,
కరెంటు పోతే ఆ పైన ఒక కొవ్వొత్తి.
వారంటీ మాత్రం బిల్లు రాసిన రోజు నుంచే నడుస్తోంది.
మళ్లీ ఉగాది వచ్చిన నాడు
యతిరాజు పెట్టె మీద చెయ్యేసి
"ఒక్క చొక్కా ఉతక్కుండానే ఏడాది నిండిందే నీకు" అన్నాడు.
నవ్వాను.
అద్దె, వాయిదా రెండూ ఒకే తారీఖున పోతున్నాయని గుర్తొచ్చి
నవ్వు ఆపాను.

చివరికి వచ్చాయి తాళాలు. ఆషాఢంలో.
ఫోన్లో అత్తయ్య: "శ్రావణం దాకా గడప దాటొద్దు."
గడప ఇంకా పెట్టనేలేదు, అత్తయ్యా.
పనివాళ్లు వెళ్తే దోషం లేదట.
గుంజూరు టవర్లో, ఆరో అంతస్తు కారిడార్లో నిలబడి
మా ఇంటిని నేను బయట్నుంచే చేయించాను.

చిమ్నీ వస్తేగాని అలమర కొలత తీయనన్నాడు భన్వర్‌లాల్.
అలమర అయితేగాని మనిషిని పంపమంది చిమ్నీ కంపెనీ.
కంత కోయాలంటే పొయ్యి కావాలి గ్రానైటు మేస్త్రీకి.
పొయ్యి వాళ్లకేమో కంత ఫోటో కావాలి.
ఒక చెవిలో హిందీ, ఇంకో చెవిలో కన్నడం,
నోట్లో ఒక తెలుగు తిట్టు చప్పరిస్తూ నేను.

అత్తయ్య ముహూర్తం ఆరూ నలభై రెండు,
నిమిషం అటూ ఇటూ కాదు.
కంపెనీ ముహూర్తం పది నుంచి రెండు.
అంత వెడల్పులో కూడా పట్టక
మారుతేశ మూడుకి వచ్చాడు.
హెల్మెట్ తీయకుండానే కొళాయి తిప్పినట్టున్నాడు,
కొళాయి దగ్గడం కారిడార్లోకి వినబడింది.
"నీర్ బందమేలె కరీరి, మేడమ్."

నీళ్లెప్పుడొస్తాయి?
జనం చేరాక, అన్నాడు సెక్యూరిటీ గార్డు.
జనం ఎప్పుడు చేరతారు?
అతను నన్ను చూశాడు, తర్వాత మా అట్టపెట్టెని చూశాడు.

నా సీసాలో నీళ్లు తాగి మారుతేశ
వెళ్తూ వెళ్తూ ఒక మాట అన్నాడు:
ఇల్లు తుడిచాక కాదమ్మా, దుమ్ము కూర్చున్నాక తెప్పించుకోవాలి.
అన్నిటికంటే చివర ఫ్రిజ్.
ఇన్నేళ్లలో నాకు ఎవరూ ఇవ్వని పంచాంగం అది.
ఆ పెట్టె మీదే రాసుకున్నాను, స్కెచ్ పెన్నుతో.

శ్రావణంలో, అడిగి తెచ్చుకున్న ఒంటి పొయ్యి మీద
పాలు పొంగాయి. చుట్టాలు వెళ్లిపోయారు.
ఆ సాయంత్రమే ఫ్రిజ్ వచ్చింది,
టాటా ఏస్‌లో, పక్కకి పడుకుని.
"నిలబెట్టి నాలుగు గంటలు ఆగండి, అప్పుడే స్విచ్చి."
లోపలి నూనె దాని చోటికి అది దిగాలట.

దాని ఎదురుగా నేల మీద కూర్చున్నాం.
ఫోన్ చేయాల్సిన వాళ్లెవరూ లేరు.
పడమటి కిటికీలోంచి ఎండ వచ్చి
టైల్స్ మీద ఒక్కో గడే దాటుతోంది.
ఈ ఇంట్లోకి ఎండ వస్తుందని బ్రోషర్లో లేదు.
యతిరాజు గోడకి ఆనుకుని నిద్రపోయాడు,
కొత్త సున్నం వీపుకంతా అంటుకుని.
నేను లేపలేదు.
నా లోపల కూడా ఏదో మెల్లగా కిందికి దిగుతోంది.

చూసేసరికి అయిదుంబావు గంటలైంది.
స్విచ్చి వేశాను. గొంతు సవరించుకుని అది మొదలుపెట్టింది,
ఇంట్లో మాది కాని మొదటి చప్పుడు.
వంటింటికి ఇంకా బల్బు బిగించలేదు.
ఫ్రిజ్ తలుపు తెరిచే ఉంచి
ఆ వెలుతురులో మిగిలిన పులిహోర తిన్నాం.
రెండు నిమిషాలకి అది కూత పెట్టింది,
ఇక మూసేయండి అని.