మత్రాలో ఎర్ర కాయితం

బలదియా అంటే మా దిక్కు మున్సిపాలిటీ.
ఆకుపచ్చ చొక్కా, వీపు మీద ఇరవై లీటర్ల డబ్బా,
చేతిల గొట్టం.
మొన్నటిదాక దోమలకు కొట్టిన,
ఇయ్యాల తలుపు గొళ్ళాలకు కొడుతున్న.
దోమ చస్తే కనబడ్తది.
ఇది చచ్చిందో లేదో ఎవరు చెప్పాలె?

కొండలకూ సముద్రానికీ నడుమ ఇరికిన ఊరు మత్రా.
గల్లీ మొదట్ల సిమెంటు దిమ్మెలు దించిండ్రు.
లోపల మేము, బయట మస్కటు.
చేపల మార్కెటు పిల్లులు మాత్రం
ఏ కాయితం లేకుండ అటూ ఇటూ తిరుగుతున్నయ్.

పోయిన శ్రావణంల
షంసా మేడం తనిఖీకొచ్చి
రాజలింగు మెస్సుకు ఎర్ర కాయితం ఏసింది.
పొయ్యి ఎనక లైటు కొట్టి ఒకటే మాట అన్నది: "బొద్దింకలు."
బ్రష్షూ జిగురూ నా చేతులనే ఉండె.
ఆయన అన్నం తిన్న చెయ్యితోటే
ఆయన తలుపుకు జిగురు పూసిన.
రాజలింగు నన్నేమనలే.
"సక్కగ అంటియ్యిరా,
వంకర పోతే మళ్ళొస్తరు" అన్నడు.
ఎనిమిది నెల్లు ఆయన గిన్నెలు బోర్లేసే ఉన్నయ్.

ఇప్పుడు గల్లీ నిండ పసుపు కాయితాలు.
అరబ్బీ సదువరాదు, రంగు సదువుత.
పసుపంటే లోపట దగ్గు,
పసుపంటే పద్నాలుగు దినాలు.
మా ఊళ్ళె గడపకు పసుపు పూస్తే...
వద్దు, ఆ మాట రాయ.

మైకు నాలుగు భాషలల్ల చెప్తది
మనిషికీ మనిషికీ రెండు మీటర్లు.
మా గదిల పదకొండు మందిమి, మంచం మీద మంచం.
తోఫాయల్ టేపు తెచ్చి కొలిచిండు:
నా ముక్కుకూ వాని నడుముకూ మూరెడు.
నవ్వినం. మాస్కులల్ల నవ్వితే
అద్దాలు మబ్బు పడ్తయని అప్పుడె తెలిసింది.

మందుకు బొటనేలు గీతలు అరిగినయ్.
నా ఫోను నన్ను గుర్తుపడ్తలేదు.

మూడో నాడు రాత్రి
పంచిన రొట్టెల డబ్బాలు పంచినట్లె తిరిగొచ్చినయ్.
మేడం గొంతు బొంగురుపోయింది.
"మీవాళ్ళు ఏం తింటరు?" అని హిందీల అడిగింది.
పచ్చిపులుసును హిందీల ఏమంటరు?
చెయ్యి నోటికాడ పెట్టి, కండ్లు మూసి,
పండ్లు పులిసినట్టు చూపెట్టిన.
"ఎవరు వండుతరు?"
నేను ఎర్ర కాయితం దిక్కు చూసిన.

ఆమె చానసేపు నిలబడ్డది.
తర్వాత గోరుతోటి గీకింది.
సక్కగ అంటించిన కదా, ఊడలే.
నీళ్ళు కొట్టిన, కారు తాళంతోటి ఆమె గీకింది,
సగం కాయితం ఇంకా ఆడనే ఉన్నది.

పొయ్యి ముట్టియ్యకముందు మళ్ళ లైటు కొట్టి చూసింది.
రూలు రూలే.
సిలిండరు కిందికెల్లి ఒకటి ఉరికింది.
ఆమె చూసింది, నేను చూసిన, రాజలింగూ చూసిండు.
ఎవ్వలం మాట్లాడలే.
ఆమెనే చెప్పు తీసి కొట్టింది.
"ఇగ వండు" అన్నది.

చింతపండు పిసుకుడు, ఉల్లిగడ్డ కోసుడు,
రెండు వందల పొట్లాలు, మూతలు నూటెనబై.
లారీ తోలే గుల్ జమాన్ ముఖం దిక్కు తిప్పుకుంట
ఎల్లిపాయ వాసనకు ఏందో తిట్టిండు,
తిట్టి, తనకొకటి దాసుమన్నడు.

తలుపు కొట్టుడు, పొట్లం పెట్టుడు, ఆరడుగులు ఎనక్కి జరుగుడు.
నాలుగో దినం ఏడో నంబరు గదిలకెల్లి
కోరుట్ల పిల్లగాడు
తలుపు సందుల నోరు పెట్టి అర్సిండు:
"ఉప్పు తక్కువైంది!"
రాజలింగు తువ్వాల పైకి ఇసిరిండు.
వారం దినాల సంది వానికి
కారమూ సున్నమూ ఒకటే ఉండె.
నేను ఉరికి మేడంకు చెప్పిన.
ఆమె కాయితం మీద ఏందో రాసుకొని
పెన్ను మూత పెట్టుడు మర్సిపోయింది.

ఎనిమిదో నంబరు ముంగట
పొట్లం పొద్దటిదాక అట్లనే ఉండె.
ఎత్తి నల్ల సంచిల ఏసిన.
గొళ్ళానికి మందు కొట్టిన.
రెండోసారి ఎందుకు కొట్టిన్నో తెల్వది.