కొక్కెం కింద

తెల్లవారుజామున ఐదింటికి యోంగ్దో కొండమెట్లు
ఇంకా ఎవరి పాదాలకూ వేడెక్కి ఉండవు.
చర్చి అంటే గోపురం కాదు మాకు.
వలలమ్మే దుకాణం పైన ఒక గది,
నేలమీద ముప్ఫై దిండ్లు, ఒక కిరసనాయిలు పొయ్యి,
ఉప్పుగాలికి తుప్పుపట్టి మూలిగే తలుపు.

"ప్రభువా!" అని మూడుసార్లు అందరం ఒక్క గొంతుగా అరుస్తాం.
ఆ తర్వాత ఎవరి ఏడుపు వాళ్ళది, ఎవరి అప్పు వాళ్ళది.
సముద్రంలో మునిగి నత్తలు ఏరుకొచ్చే ముసలమ్మ
ఇంకో ఏడాదికి సరిపడా ఊపిరి అడుగుతుంది.
నేను మల్‌సూన్‌ని.
ఆడపిల్లలు ఇక చాలు అని నాన్న పెట్టిన పేరు.
నేనడిగేది గాలి గురించి.
ప్రభువా, బూసాన్ రేవు మీద ఇవాళ
గాలిని కాస్త గట్టిగా పట్టుకో.

క్రేను నలభై మీటర్ల ఎత్తు.
లిఫ్టు ఉంది, దాని ఇష్టమొచ్చిన రోజున పనిచేస్తుంది.
గాజు నేల మీద కూర్చుంటాను,
నా రెండు బూట్ల నడుమ ఓడ, లారీలు, చీమల్లా మనుషులు.
ఏ పెట్టెలో ఏముందో ఎవరూ చెప్పరు,
బరువొక్కటే తెరమీద వెలుగుతుంది.
ఉయ్యాలలో ఏముందో తెలియని ఆయాలా
పదిహేడేళ్ళుగా ఎత్తుతున్నాను, దించుతున్నాను.
రోజంతా తలవంచుకునే ఉంటాను.
చూసినవాళ్ళు భక్తి అనుకోవచ్చు.
భయం.

పోయిన నెల ఒక మధ్యాహ్నం
ఇరవైనాలుగు టన్నుల పెట్టె లారీకి పైగా రాగానే
గాలి ఒక్కసారి పక్కకి తిరిగింది.
పెట్టె ఊగింది, ఇనుపతాళ్ళు కీచుమన్నాయి.
చేతులు జోడిద్దామంటే రెండు చేతుల్లో రెండు మీటలు.
నోట మాట రాలేదు, "ప్ర" దగ్గరే ఆగిపోయింది.
కిందకి చూస్తే
లారీలో బే దోక్‌మాన్, మోచెయ్యి కిటికీ బయట పెట్టి,
సముద్రపాచిలో చుట్టిన అన్నం ముక్క నోట్లో వేసుకుంటున్నాడు.
పైకి చూడనే లేదు.
ముక్క నమిలాడు, ఇంకోటి తీశాడు.

ఊపు తగ్గేదాకా ఆగాను.
పెట్టె కూర్చుంది, తాళాలు నాలుగూ టక్కుమన్నాయి.
ఒక్క హారన్ కొట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం క్యాంటీన్‌లో పట్టుకుని అడిగాను,
"నీకు భయం వెయ్యలేదా?"
ముల్లంగి పచ్చడి కొరుకుతూ అన్నాడు,
"పైన ఉన్నది నువ్వేగా."

ఆ రాత్రి నిద్రపట్టలేదు.
నా సంగతి నాకు తెలుసు కదా.
ఎడమకంటికి మసక, చీటీ మీద కొత్త అద్దాల నంబరు,
ఆ ఉదయమే కూతురితో ఫోన్లో తగువు.
అవన్నీ తెలిస్తే అతను ముద్ద మింగగలడా?
మరి కన్ను మసకబారనివాడి కింద కూర్చుని
నేనేం చేస్తున్నాను ఇన్నేళ్ళుగా?
మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తూ,
కొక్కెం జారుతుందేమో, తాడు తెగుతుందేమో అని
ఒక్క ముద్దా రుచి తెలియకుండా.

మర్నాడు మోకాళ్ళ మీద మళ్ళీ గాలి గురించే అడిగాను.
అలవాటు అంత తొందరగా పోదు.
అడిగి, ఆమెన్ అని,
ముసలమ్మ ఇచ్చిన చిలగడదుంప జేబులో వేసుకుని
బస్సెక్కాను.

పదిన్నరకి సూచీ ఇరవై దాటింది, సైరన్ మోగింది.
పని ఆగింది. సగం కూలి పోయినట్టే.
అంటే నా ప్రార్థన విన్నాడా, వినలేదా?
ఇదివరకైతే ఆ లెక్క వేసుకుంటూ కూర్చునేదాన్ని.
క్రేను మెట్ల కింద, గాలి చాటున,
దుంప తొక్క తీస్తున్నాను.
ఇంకా వెచ్చగానే ఉంది.
నెత్తిమీద ఖాళీ కొక్కెం ఊగుతున్న చప్పుడు.

తల ఎత్తలేదు.