ఊ కొట్టుడు

బాదేపల్లి యార్డుల కాంటా ముల్లు నిలవంగనే
నా ప్రోగ్రాము ఒక చీటి రాసి క్యూల ఏస్తది:
కుర్మయ్య, పల్లికాయ, పదకొండు బస్తాలు.
ఏసి నిలబడదు, ఇంకో కుప్ప కాడికి ఉరుకుతది.
పైసలేసే ప్రోగ్రాము తీరినప్పుడు తీస్కుంటది.
కరెంటు పోనీ, అది పండుకోనీ, చీటి క్యూలనే భద్రం.
దానికి దీని మొఖం తెల్వదు.

"గట్లెట్ల బిడ్డా, ముట్టినట్టు ఎట్ల ఎరుక?"
బస్తా మీద కూసొని కుర్మయ్య అడిగిండు.
అక్నాలెడ్జ్‌మెంట్ అన్న.
ఆయనకు అది పల్లిపొట్టు తీర్గ ఎగిరిపోయింది.

"రాత్రి మనవరాలికి కథ చెప్తవు గద?"
"చెప్త. ఊ కొట్టాలె మల్ల."
"ఊ ఆగితే?"
"పండుకున్నదో, అలిగిందో... ఇంకోపారి చెప్త."
"విన్నదే మల్ల చెప్తే?"
"అయిపాయె తాతా, అంటది.
రాజు రెండుసార్లు సావడు గద!"

మూడు నెలలు నేను కుస్తీ పట్టింది గీ ముక్క కోసమే.
పోయిన యాసంగిల ఒకాయనకు రెండుసార్లు పడ్డయి,
వాపసు అడగనీకి ఊర్కొండ దాంక నేనే పోయిన.

ఎవ్వరూ ఊ కొట్టని చీటీలకు వేరే క్యూ ఉన్నది.
సచ్చిన ఉత్తరాల క్యూ అంటరు,
ఆ పేరు ఆయనకు చెప్పలే.
ఐదుసార్లు పంపినంక అండ్ల పడ్తయి.
పొద్దుగాల నేనే విప్పుత.

ఇయ్యాల ఒక్కటే ఉండె:
వెల్జాల మన్నెమ్మ, నాలుగు బస్తాలు,
ఖాతా నంబరుల ఒక అంకె తక్కువ.
షెడ్డు బయటికొచ్చి పేరు పెట్టి పిలిచిన.
పిలిచి, ఆగిన.
ప్రోగ్రామైతే ఆగకపోతుండె.