బొజ్జ ఎటువైపు

ఎనిమిదిన్నరకి బడి గంట.
గంటంటే ఏం లేదు, కంచాలు తీసి
బల్ల మీది జామ్ మరక తడిగుడ్డతో తుడిచి
అమ్మ గొంతు విప్పి మేకుకి తగిలించి
టీచరు గొంతు తొడుక్కోవడమే.
నైరీకి ఆ గొంతు గిట్టదు.
"మామూలుగా మాట్లాడొచ్చుగా" అంటుంది,
కుర్చీ కింద కాళ్ళూపుతూ.

పెలోరస్ పాయలో మా ఒడ్డుకి రోడ్డు లేదు.
వారానికోసారి ఉత్తరాల పడవ వచ్చి
పిండి బస్తా, డీజిలు, లైబ్రరీ పుస్తకాలు దింపి
కుక్కకో బిస్కెట్టు విసిరి పోతుంది.
దగ్గరి బడి రెండు గంటల నీళ్ళ దూరం,
దక్షిణపు గాలి తిరిగితే మూడు.
అందుకని ఈ వంటింట్లో
ఒక పంతులమ్మ, ఒక పిల్ల,
హాజరు నూటికి నూరు.

ఆర్నెల్లకోసారి వెల్లింగ్టన్‌కి సంతకం పెట్టి పంపాలి:
బడిలో చెప్పినంత క్రమంగా,
బడిలో చెప్పినంత బాగా
చెబుతున్నానని.
క్రమంగా, సరే.
రెండో మాట దగ్గర కలం కాసేపు ఆగుతుంది.

లెక్కలకి ఢోకా లేదు.
తామతి తాళ్ళకి కట్టిన నల్ల పీపాలు
కొండచాటు దాకా లెక్కపెట్టి
ఒకటి మునిగితే నాకంటే ముందు చెబుతుంది.
పోటు ఎప్పుడో, పాటు ఎప్పుడో
గోడ మీది పట్టిక చూడకుండా
రేవు మెట్ల మీద తడి చూసి చెబుతుంది.

చిక్కంతా రెండక్షరాల దగ్గర.
బీకి బొజ్జ ముందుకి, డీకి పిర్ర వెనక్కి.
పిండిలో దిద్దించాను,
ఇసకలో దిద్దించాను,
వీపు మీద వేలితో రాసి ఏమిటో చెప్పమంటే
చక్కిలిగిలికి మెలికలు తిరిగి నవ్వి నవ్వి
"డీ!" అంది.
అది బీ.

జూన్ నెల, మంగళవారం, మూడో రోజు ముసురు.
పద్నాలుగోసారి బొజ్జ అటు తిరిగింది.
"ఎన్నిసార్లు చెప్పాలే నీకు!"
అన్నది నేను కాదు.
తిమారూలో రెండో తరగతి మిసెస్ ఆల్డస్,
బల్ల మీద స్కేలు చరిచి
నా నోట్లో మాటల్ని పిట్టల్లా చెదరగొట్టినావిడ.
ఆవిడ లేని బడి కోసమే కదా
ఇంత దూరం, ఈ నీళ్ళ చివరికి వచ్చాను.
ఆవిడే ముందొచ్చి కూర్చుంది, నా గొంతులో.

నైరీ బల్ల కిందికి జారింది.
ఒక మేజోడు మాత్రం బయటికి కనిపించింది.
బతిమాలుకోవడం చేతకాక
కట్టెల కోసమని వానలోకి పోయాను.

కట్టెలు అక్కర్లేదు నిజానికి.
పొయ్యి పక్క గంప నిండే ఉంది.
షెడ్డు చూరు కింద ఊరికే నిలబడి
తిరిగి వస్తూ కిటికీ చూశాను.
ఆవిరి పట్టిన అద్దం మీద
చిన్న వేలు వెడల్పున మూడక్షరాలు,
ఒక్కోదాని కాలి నుంచి ఒక్కో నీటిచుక్క జారుతూ.
డీ, ఏ, డీ.
డాడ్.
పీపాల వైపు, పడవ వైపు తిరిగి,
ఒక్క బొజ్జా తప్పకుండా.

లోపలికొచ్చి చూస్తే
డీలు రెండూ బీలే.
బయటున్నవాడి కోసం తిప్పి రాసిందా,
ఎప్పట్లాగే రాస్తే
అద్దం తనంతట తానే సరిచేసిందా?
నోటిదాకా వచ్చింది ప్రశ్న.
చేతిలో తడి కట్టె ఉంది.
అడగలేదు. దిద్దలేదు.

"నాన్నకి కనిపిస్తుందా?" బల్ల కింద నుంచి.
"అంత దూరం కనిపించదేమో" అన్నాను,
మామూలు గొంతుతోనే.
మేజోడు ఒకసారి కదిలింది.
"అయితే పెద్దగా రాయాలి."

కుర్చీ కిటికీ దగ్గరికి జరిపాను.
కెటిల్ పెట్టాను, మళ్ళీ ఆవిరి పట్టాలని.
ఆ రోజు పుస్తకంలో, చెప్పిన పాఠం అన్న గడిలో
ఇలా రాసుకున్నాను:
వాన. కేకలేశాను. కట్టెలు తెచ్చాను.
పన్నెండు కాకుండానే బడి వదిలేశాం.