గాలి పడుకున్న పూట

మూడు ఆదివారాలు పోయినాయి.
ఒకటి తూరుపు గాలికి,
ఒకటి చెంగల్రాయుడి బామ్మర్ది నిశ్చితార్థానికి,
ఇంకోటి ఊరికే, ఎట్ట పోయిందో తెలీకుండా.

మొగిలి ఘాటెక్కి ఎడంపక్కకు తిరిగితే మట్టిదోవ,
ఆపైన బండల మీద అర్ధగంట నడక.
దోనిగుండ్ల చెరువు.
మూడు గుట్టలు మోకాళ్ళు మడిచి కూర్చోని
నడిమధ్యన సంగటి గిన్నె పెట్టుకున్నట్టుంటుంది.
పేరుకే చెరువు. గట్టిగా పిలిస్తే
అవతలి గట్టు నుంచి నీ పేరు నీకే తిరిగొస్తుంది
కొంచెం తడిసి.

మాకు పడవలు లేవు.
పలమనేరు రోడ్డులో పంచరు షాపు నాది.
పది చక్రాల లారీ ట్యూబు ఊది
పైన పాత ఫ్లెక్సీ బిగించి కడితే అదే పడవ.
పోయిన ఎన్నికల్లో ఓడిపోయిన ఎవరిదో నవ్వుమొహం
కిందికి తిప్పి కట్టినాం.
నీళ్ళలోని జిలేబీ చేపలకు
ఇప్పటికీ దండం పెడతానే ఉంటాడు.

చెరువు మంచిదే. గాలికే బుద్ధి లేదు.
పొద్దున తొమ్మిది దాటిందంటే
లోడు లారీ మాదిరి ఘాటెక్కి వస్తుంది,
ముందు గొణుగుతా,
మలుపు తిరిగినాక ఒక్కసారిగా.
పోయినేడు అట్టనే వచ్చి
నా ట్యూబును తుమ్మకంపలోకి తోసింది.
బుస్సుమనింది.
ఊరందరి చక్రాలకూ అతుకులేసేవాడికి
నడినీళ్ళలో పంచరు.
నాకు ఈత రాదు.
చెంగల్రాయుడు పంచె విప్పి విసిరి
ఒడ్డుకు లాగినాడు, నవ్వకుండా.
వాడు నవ్వలేదంటే ఎంత లోతో చూసుకోండి.

ఇంట్లో చెప్పలేదు నేను.
తడిసిన బీడీకట్ట చెప్పేసింది.

ఆ పొద్దే ధనకోటి
దండేనికి ఒక తెల్లదారం కట్టింది.
“ఇది నిలువుగా వేలాడితే పో.
వంగిందంటే వచ్చి పడుకో.” అంతే.
చెంగల్రాయుడు ఫోనులో చూసి
గంటకు ఆరు కిలోమీటర్లేనంటన్నా అంటాడు.
దారానికి కిలోమీటర్లు తెలీవు.

ఈ శనివారం అన్నీ కుదిరినాయి.
పేడదిబ్బ అడుగున తవ్విన ఎర్రలు
కొబ్బరిచిప్పలో తడిమట్టి కింద మెసలతా ఉండాయి.
గాలాలు నాలుగు, నెమలీక కాడతో చేసిన బెండు ఒకటి.
విరిగిన స్టూలు చెక్కకు వెదురు బిగించిన తెడ్డు.
నాకొకటి, చెంగల్రాయుడికొకటి రెండు సంగటి ముద్దలు,
ఊరుబిండి, ఎర్రగడ్డ.
నాలుగున్నరకు బండి తీయాల.
చీకటి విడేసరికి నీళ్ళ మీదుండాల.
ఎనిమిదిన్నరకు, చేప పడినా పడకపోయినా,
గట్టెక్కాల. ఇందులో మాత్రం మాట తప్పేది లేదు.

రాత్రి షాపులో ట్యూబును తొట్టిలో ముంచి
బుడగల కోసం వెతుకుతుంటే
ధనకోటి వచ్చి నిలబడింది.
“ఇంకో ట్యూబుకు కూడా ఎయ్యి అతుకు.”
ఎవరికి అన్నాను.
“ఏడాదిగా గాలినే చూస్తా ఉండాను.
గాలి లేని నీళ్ళెట్టుంటాయో
ఒకతూరి చూడాల.”

లోతుంటుందే అన్నాను.
“నాకు ఈతొచ్చు.
ఏడేళ్ళప్పుడు మోటబావిలో నేర్చుకున్నా.
నువ్వెప్పుడన్నా అడిగినావా?”

తొట్టిలో ఒక బుడగ లేచి పగిలింది.
పెళ్ళై పందొమ్మిదేళ్ళు.
దాని మీద వేలు పెట్టి
అట్నే కూర్చున్నాను.

మూడున్నరకు మెలకువొచ్చింది.
వీధిదీపం కింద దండెం.
ఆరేసిన లుంగీ రాయి మాదిరి ఉంది.
దారం దగ్గరికి పోయి చూడబోయి
నా ఊపిరి తగిలి వంగుతుందేమోనని
రెండడుగులు వెనక్కి వేసినాను.
కదల్లేదు.
గాలి ఎక్కడో ఘాటు కింద
లారీ డ్రైవర్ల పక్కన పడుకోనుంది.

వంటింట్లో దీపం ఎలిగింది.
తడిచేత్తో సంగటి చరిచిన చప్పుడు,
ఒకటి, రెండు,
కాసేపాగి
మూడోది.